రవ్వంత పచ్చ

రవ్వంత బాబాయికి ఈ భూప్రపంచంలో ఏ ఫోటో ప్రింటు తీసి చూపించినా అందులో రవ్వంత పచ్చ ఎక్కువే. ఆకాశం ఫోటో అయినా అంతే, పసిపాప ఫోటో అయినా అంతే. ఆఖరికి నలుపు తెలుపు ఫోటో ఇచ్చినా వీధిలోకి పట్టుకెళ్ళి, ఎండకి ఎత్తి, ఒక కన్ను మూసి, "అంతా బాగుంది తల్లీ, రవ్వంత పచ్చ తగ్గించు" అనేవాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నా పక్కకి తప్పుకునేవాడు కాదు.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ "రవ్వంత లోపలికి జరగండి" అంటూ బస్సులో సందు లేనిచోట సందు పుట్టించిన మనిషి. ఆ పేరు అప్పుడే అతుక్కుంది. రిటైరయ్యాక జరపడానికి జనం కరువై రంగుల మీద పడ్డాడు. పడితే పడ్డాడు, తిన్నగా వచ్చి సందు మొదట్లో ఫోటో ల్యాబు నడుపుకుంటున్న అమ్మాయి నెత్తిన పడ్డాడు.

"ఏ పచ్చ బాబాయ్‌గారూ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?" అని అడిగేది ఆ అమ్మాయి.

అడగక ఏం చేస్తుంది పాపం. మన నోటికి పచ్చ ఒక్కటే, మిషనుకి మాత్రం రెండు మీటలు.

"పచ్చంటే పచ్చేనమ్మా. కంటికి కొడుతోందే, అది."

ఆకుపచ్చ తగ్గిస్తే ఫోటోలో మనుషులందరూ సిగ్గుపడుతున్నట్టు గులాబీ రంగులోకి వచ్చేవారు. "ఇది కాదు, ఆ రెండో పచ్చ" అనేవాడు. రెండోది తగ్గిస్తే చలికి బిగుసుకుపోయినట్టు నీలంగా అయ్యేవారు. "ఆఁ, ఇప్పుడు దారిలోకొచ్చింది. ఇంకో రవ్వంత" అనేవాడు.

ఒకసారి ఆ అమ్మాయి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. "ఫోన్లో వెలుతురంతా పెంచుకుని చూస్తున్నారు బాబాయ్‌గారూ. అద్దం వెనక దీపం ఉంటుంది. కాగితం వెనక ఉండదు కదా. రెండూ ఒక్కలా ఎలా కనిపిస్తాయి?"

"అంతేనా? దానికేం భాగ్యం" అని వెళ్ళి టార్చిలైటుతో తిరిగొచ్చాడు. ప్రింటు వెనక వెలిగించి చూసి, "ఇప్పుడు దీపం కూడా పచ్చగానే ఉంది" అన్నాడు.

అన్నిటికన్నా ఘనకార్యం తలుపుది. కొత్తగా రంగు వేయించిన వీధి తలుపు ఫోటో ప్రింటు వేయించుకుని వెళ్ళాడు. మర్నాడు తలుపే ఊడదీసి తోపుడుబండి మీద వేసుకొచ్చాడు.

"ఇల్లు అలా తెరిచిపెట్టి వచ్చేశారా?" అంది ల్యాబు అమ్మాయి హడలిపోయి.

"మా అక్కయ్య గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుందిలే. మేం వేయించిన రంగు ఇది కాదంటోంది. పక్కన పెట్టి చూడు."

పెట్టి చూసింది. ఇటుక రంగు తలుపు, ఇటుక రంగు ప్రింటు. కవలపిల్లల్లా ఉన్నాయి. బాబాయి ఇటు చూశాడు, అటు చూశాడు, బుర్ర గోక్కున్నాడు.

"అయితే తలుపులోనే రవ్వంత పచ్చ ఉందేమో తల్లీ."

షాపులో ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. "కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందట, ఆయన్ని ఎవరికైనా చూపించండమ్మా" అన్నాడొకాయన. బాబాయి కూడా వాళ్ళతో కలిసి నవ్వి, తలుపెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా ఆయన అక్కయ్య మనవరాలి పెళ్ళి అయింది. ఆ అక్కయ్య అంటే ఆషామాషీ మనిషి కాదు. జీవితమంతా దారాల కొట్టు నడిపింది. ఏ గుడ్డముక్క చూపించినా అదే రంగు దారం తడుముకోకుండా తీసి ఇచ్చేదని చుట్టుపక్కల పేరు. రంగుల విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. పెళ్ళికూతురి నెమలికంఠం రంగు చీర కూడా ఆవిడ ఎంచినదే.

ల్యాబు అమ్మాయి ఆ ఫోటోల మీద ప్రాణం పెట్టింది. రంగులు తనంతట తాను దిద్దేసే మీట ఆపేసి, చీర తెప్పించుకుని, పక్కన పరుచుకుని మరీ ప్రింటు వేసింది. నెమలి చూస్తే తన మెడే అనుకోవాలి. బాబాయి ఇంటికి పట్టుకెళ్ళి, వెళ్ళినంత వేగంగా వెనక్కి తెచ్చాడు.

"రవ్వంత పచ్చ..."

ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది. "బాబాయ్‌గారూ, దండం పెడతాను. ఇంకో ల్యాబు చూసుకోండి."

ఆయన మొహం చిన్నబోయింది. ప్రింట్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అన్నందుకు ఆ అమ్మాయికి అన్నం సయించలేదు.

మర్నాడు అక్కయ్యే స్వయంగా దిగింది. వెనక బాబాయి.

"నువ్వేనా అమ్మా, మా పిల్ల చీరని పాచిరంగు చేసింది? ఇదిగో, ఆ చీరకి అంచు కుట్టిన దారం. రంగంటే ఏమిటో చూసి నేర్చుకో." సంచిలోంచి దారపుండ తీసి ఠక్కున బల్ల మీద పెట్టింది.

ఆ దారం నీలం కాదు. చిలకపచ్చ.

ల్యాబు అమ్మాయి నోరు తెరిచింది. ఆవిడ వెనక నిలబడి బాబాయి రెండు చేతులూ జోడించాడు. బస్సులో ఎంతమందిని గదమాయించాడో గానీ, అంత బతిమాలుతున్న మొహం ఆయనకి ఉందని ఆ అమ్మాయికి అప్పుడే తెలిసింది. తెరిచిన నోరు మూసుకుంది.

"తప్పు మాదేనండీ అత్తయ్యగారూ. మిషన్లో పచ్చ ఎక్కువైంది. కూర్చోండి, సరిచేసి ఇస్తాను."

బాబాయి మిషను పక్కకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "నాకు రంగులు నేర్పిందే ఆవిడమ్మా. ఆవిడ చేతిలో దారం తప్పని ఆవిడకే ఏ నోటితో చెప్పను? కంటి డాక్టరు దగ్గరికి రమ్మంటే, నా కళ్ళకేం రోగం రా అంటుంది. పిచ్చోణ్ణి నేనైతే ఏం పోయింది?"

ఇంటికెళ్ళాక అక్కయ్య ఏమంటుందో తెలుసు గనక, ఇన్నాళ్ళూ ఆవిడ కళ్ళతో చూసి ముందే అనేసేవాడన్నమాట. ఆ అమ్మాయికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పసుపుపచ్చ మీట చివరిదాకా తగ్గించేసింది.

"ఇదీ రంగు" అంది అక్కయ్య తృప్తిగా. "మరి ఇన్నాళ్ళూ నీకీ ముక్క సరిగ్గా చెప్పలేకపోయాడేం వీడు? వీడి కళ్ళలోనే ఏదో ఉంది."

ల్యాబు అమ్మాయి ఆ మాట కింద పడనివ్వలేదు. "నిజమే అత్తయ్యగారూ. తలుపులో కూడా పచ్చ ఉందన్నారు. మీరే తీసుకెళ్ళి చూపించాలి."

ఇంకేముంది, తమ్ముణ్ణి రెక్క పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తీరా అక్కడ బాబాయి మొరాయించాడు.

"నాకు భయం అక్కయ్యా. ముందు నువ్వు చూపించుకో, నొప్పి లేదంటే నేను కూర్చుంటా."

"ఇంత వయసొచ్చి భయమేమిట్రా?" అని ఆవిడ తిడుతూనే ఉంది. "రవ్వంత ముందుకి జరుగు, రవ్వంత" అంటూ బాబాయి ఆవిణ్ణి పరీక్ష చేసే కుర్చీలోకి చేర్చేశాడు. చేయి తిరిగిన కండక్టరు కదా.

ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, చూసిందల్లా పచ్చబారి, నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదట. ఆయన కళ్ళు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆపరేషన్లయి, కళ్ళు కుదుటపడ్డాక అక్కయ్య ఆ ఫోటోలు పట్టుకుని మళ్ళీ ల్యాబుకి వచ్చింది.

"ఏమ్మా, మా పిల్లని సిరాలో ముంచి తీశావా?"

ల్యాబు అమ్మాయి నవ్వాపుకుంటూ, బాబాయి వదిలేసి వెళ్ళిన మొదటి ప్రింట్లు సొరుగులోంచి తీసి ఇచ్చింది. అక్కయ్య వాటిని వీధిలోకి పట్టుకెళ్ళి, ఎండకి ఎత్తి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నా కదల్లేదు.

"ఇదీ నేనెంచిన చీర" అంది చివరికి. "ముందే ఇలా వేసుంటే మా వాడు నీ చుట్టూ తిరిగేవాడా?"

"పొరపాటైంది అత్తయ్యగారూ" అంది ల్యాబు అమ్మాయి. "ఏం బాబాయ్‌గారూ, మీరేమంటారు?"

బాబాయి అక్కయ్య భుజం మీదుగా మెడ సాచాడు. అలవాటు కొద్దీ ఒక కన్ను మూశాడు.

"రవ్వంత..."

"ఇంకా ఏమిట్రా?" అంది అక్కయ్య గుడ్లురిమి.

"రవ్వంత జరుగు అక్కయ్యా. నన్నూ చూడనీ."