చీటీ లేని సీడీ

గిరక తిరిగిన చప్పుడు మూడుసార్లు వినిపించి ఆగింది. నేను వంటింట్లో జొన్నపిండి తడుపుతున్నాను. భూపాలపల్లిలో మేముండే గనుల కాలనీలో ఏ ఇంటికీ బావి లేదు, నీళ్ళన్నీ నల్లాలోంచే వస్తాయి. అయినా ఆ చప్పుడు నాకు తెలుసు. గిరక మూడుసార్లు తిరుగుతుంది, తాడు బిగుస్తుంది, ఆగుతుంది. ఆ తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు. అంతవరకే తెలుసు. ముందు గదిలో పిల్లల మాటలు ఆగిపోయి చాలాసేపయిందని అప్పుడు గమనించాను.

చేతులకు పిండితోనే పరుగెత్తాను. టీవీలో ఒక పాత దయ్యం సినిమా రెండో భాగం నడుస్తోంది. నా చిన్నప్పుడు సీడీల దుకాణాలకు వచ్చిన సినిమా అది. ఇప్పుడు బొమ్మ శుభ్రం చేసి మళ్ళీ యాప్‌లో పెట్టారు. ఎనిమిదేళ్ళ మా విహాన్ దాని బొమ్మ చూసి నొక్కేశాడు. ఐదేళ్ళ చిన్ని వాడి అంగీ వెనక పట్టుకొని కూర్చుంది. తెరమీద బావి గట్టును ఒక తెల్లటి చెయ్యి అప్పుడే పట్టుకుంటోంది. రిమోట్ ఎక్కడుందో కనబడలేదు. ప్లగ్గు లాగేశాను.

“అమ్మా, ఆ చెయ్యి ఎవరిది?” అన్నాడు విహాన్, నల్లబడిన తెరను చూస్తూనే.

“ఎవరిది గాదు. రొట్టె తిందురు రాండ్రి.”

వాడు సగం రొట్టె కూడా తినలేదు. బాత్రూంలో నీళ్ళ బకెట్ మీద మూత పెడితేనే లోపలికి వెళ్తానన్నాడు. మూత పెట్టాను. మూత మీద రాయి కూడా పెట్టమన్నాడు. చిన్ని నా చున్నీ చివర పిడికిట్లో బిగించి పడుకుంది. మా ఆయన రెండో షిఫ్టులో గని లోపల ఉన్నారు, ఫోన్ కలవదు. ఇద్దరూ ఎప్పటికో నిద్రపోయాక దీపం కింద కూర్చొని ఇది రాస్తున్నాను. ప్లగ్గు లాగడం తప్పని లాగిన క్షణంలోనే తెలిసింది. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి పేరు ద్వాలి. మేం ద్వాలక్క అనేవాళ్ళం. తెలియనివాళ్ళు సీడీలక్క అనేవాళ్ళు.

మా నాన్నకు నెల్లికుదురు దగ్గర వ్యవసాయం ఉండేది. మా చదువుల కోసం మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా వీధి మలుపులోనే ద్వాలక్క దుకాణం. ఆమెది గార్ల వైపు ఒక తండా. భర్త హైదరాబాదులో కట్టుబడి పనికి పోయి మళ్ళీ రాలేదు. ఐదో తరగతి చదివిన ద్వాలక్క ఒక్కతే ఆ దుకాణం నడిపేది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే తమ భాషలో పాట పాడినట్టు మాట్లాడేది. ఫోన్ పెట్టేసి మాతో మాట్లాడేటప్పుడు గొంతు పొట్టిగా, గట్టిగా మారిపోయేది.

మిగతా దుకాణాల్లో లేని పద్ధతి ఒకటి ఆమె దగ్గర ఉండేది. కొత్త దయ్యం సినిమా ఏది వచ్చినా మధ్యాహ్నం షట్టరు సగం దించి, ముందు తాను చూసేది. ప్లేయర్ మీద కనబడే నిమిషాలు చూసుకుంటూ ఏ నిమిషంలో ఏం భయపెడుతుందో చిన్న చీటీ మీద రాసి ఆ సీడీ డబ్బాలో పెట్టేది. చీటీ లేకుండా దయ్యం సినిమా ఆమె దుకాణం దాటదని పేరు. గార్ల నుంచి, మరిపెడ నుంచి వచ్చినవాళ్ళు కూడా ముందు డబ్బా తెరిచి చీటీ ఉందా అని చూసుకునేవాళ్ళు.

ఒకసారి ఒకాయన అడిగాడు. “ఏందక్కా, దయ్యం ఎప్పుడొస్తదో నువ్వే చెప్తే ఇగ సినిమాల ఏముంటది?”

“నీ గుండె గట్టిగుంటే చదువకు. ఇంట్ల నీ పెండ్లాం కడుపుతోనున్నది గద, ఆమెకియ్యి.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వి, చీటీని జేబులో పెట్టుకున్నాడు.

ద్వాలక్క అందరికీ చెప్పే మాట ఇంకొకటి ఉండేది. “సగంల ఆపొద్దు. కరెంటు పోతే వచ్చినంక మల్ల పెట్టుకోండ్రి. అవసరమైతే రేపు గూడ ఉంచుకోండ్రి. సగం జూసినోళ్ళ ఎంబడి వస్తది అది. మొత్తం జూస్తే ఆడనే ఆగిపోతది.” మాకు అది సీడీలు తిప్పుకునే మనిషి చాదస్తంలా అనిపించేది.

ఆ సినిమా రెండో భాగం వచ్చినప్పుడు నేను ఏడో తరగతిలో ఉన్నాను. బడిలో అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ దయ్యం సినిమా ఇంటి గడప తొక్కొద్దని చెప్పింది, ద్వాలక్కకు కూడా చెప్పింది. అడిగితే ఇవ్వదని నాకు తెలుసు. ఒక శనివారం ఆమె అటు తిరిగి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, రెండో భాగం సీడీని దాని డబ్బాలోంచి తీసి దేవుడి సినిమా డబ్బాలో పెట్టుకొని వచ్చేశాను. చీటీ ఆ డబ్బాలోనే, దుకాణంలోనే ఉండిపోయింది.

అమ్మ పక్కింటామెతో దవాఖానకు వెళ్ళింది. నేనూ, ఏడేళ్ళ తమ్ముడు సంతూ కిటికీలు మూసి కూర్చున్నాం. గిరక మూడుసార్లు తిరిగింది. తాడు ఆగింది. తెల్లటి చెయ్యి బావి గట్టును పట్టుకుంది. అప్పుడే బయట గేటు చప్పుడయింది. నేను ఆపేశాను.

మేముండే ఆ అద్దె ఇంటి వెనక నిజంగానే బావి ఉండేది. సంతు ఆ సాయంత్రం నుంచి పెరట్లోకి పోలేదు. బావినీళ్ళు తాగనన్నాడు. మర్నాటికి జ్వరం వచ్చింది. మూడో రోజు అమ్మతో, “బాయిల ఒకామె ఉన్నది, పైకొస్తున్నది, ఇంక రాలే” అన్నాడు. ఇంకా రాలేదన్న ఆ మాట దగ్గరే వాడు రోజంతా ఆగిపోయి ఉండేవాడు. తాయెత్తు కట్టారు. ప్లేయర్ పక్కన దేవుడి సినిమా డబ్బాలో ఆ సీడీ దొరికింది. మా నాన్న వాళ్ళన్న, పెద్దబాపు, నెల్లికుదురు నుంచి వచ్చి నన్ను నిలబెట్టి అడిగాడు. “ఎవలిచ్చిన్రు మీకా సీడీ?”

“సీడీలక్కనే ఇచ్చింది. మంచిగుంటది చూడుమన్నది.”

ఇంత తేలిగ్గా వచ్చిన అబద్ధం మళ్ళీ నా నోట రాలేదు.

పెద్దబాపు నన్ను వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్ళి, దేవుడి సినిమా డబ్బాను బల్ల మీద విసిరాడు. వీధిలో ఉన్నవాళ్ళంతా ఆగారు. “పసిపోరగాండ్లకు దయ్యాల సీడీలిస్తవా? తండల ఉండేటిదానికి ఊర్ల దుకాణమెందుకు?”

డబ్బా తెరుచుకొని లోపలి సీడీ కనబడుతోంది. ఆమె వెనక అరలో రెండో భాగం డబ్బా ఖాళీగా, చీటీతో ఉంది. ద్వాలక్క ఆ రెంటినీ చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను పెద్దబాపు వెనక్కి జరిగాను. ఒక్క మాట అంటే ఆమె బయటపడుతుంది, నేను దొరుకుతాను.

“నేనే ఇచ్చిన పటేలా,” అంది. “చీటి పెట్టుడు మర్సిన. తప్పు నాదే.”

తిట్టడానికి సిద్ధపడి వచ్చిన పెద్దబాపు తెరుచుకున్న డబ్బాను మూశాడు.

“పోరనికి జరం ఎన్నొద్దుల సంది?” అని ఆమే అడిగింది.

“మూడొద్దులు.”

“రేపు పొద్దుగాల్ల వస్త. మిగిలింది జూపెట్టాలె.”

వద్దని అమ్మ గొడవపడింది. ద్వాలక్క వచ్చి, ఏమీ విననట్టు కిటికీలూ తలుపులూ అన్నీ తెరిచింది. సంతును ఒళ్ళో కూర్చోబెట్టుకొని సినిమా పెట్టింది. నేను ఆమె ముఖం చూడలేక వంటింటి తలుపు వెనక చెవులు మూసుకొని నిలబడ్డాను. చేతుల సందుల్లోంచి ఆమె గొంతు వినబడుతూనే ఉంది. “ఇగో, ఇంక జరసేపట్ల చెయ్యొస్తది. వచ్చింది. చూడు, మైదపిండి పూసిన్రు. గోరు కాడ ఊడింది జూడు.” కాసేపటికి సంతు నవ్వాడు. ఆ మధ్యాహ్నం అన్నం అడిగి తిన్నాడు. సాయంత్రం వాడే బావిలోకి చేద వదిలి, గిరక కిర్రుమంటుంటే నన్ను చూసి పళ్ళికిలించాడు.

వెళ్ళేముందు ద్వాలక్క వంటింటి గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగింది. “నువ్వు గూడ వచ్చి కూసుంటే అయిపోతుండె గదనే, రజితా,” అంది. ఆమె తెచ్చిన చీటీ టీవీ మీద ఉండిపోయింది. నేను తీసి దాచుకున్నాను.

తర్వాత చాలాకాలం మా వీధి తల్లులు ఆమె దుకాణానికి పిల్లల్ని పంపలేదు. చీటీ మరిచిపోయే మనిషి అని పేరు పడింది. ఏ పద్ధతి మీద ఆమె దుకాణం నిలబడిందో సరిగ్గా దాని మీదే దెబ్బ కొట్టాను. నేను రోజూ ఆ దుకాణం ముందు నుంచే బడికి పోయేదాన్ని, తల వంచుకొని. ఫోన్లు వచ్చి సీడీల కాలం అయిపోయేదాకా ఆమె చీటీలు రాస్తూనే ఉందని విన్నాను.

మళ్ళీ ఆమెను చూసింది జనగామలో. అక్కడ డిగ్రీ చదువుతున్నాను. బస్టాండు బయట చిన్న బల్ల వేసుకొని ఫోన్లకు అద్దాలు అతికిస్తోంది, పాటలు ఎక్కిస్తోంది. జుట్టు నెరిసింది. రెండు రోజులు దూరం నుంచి చూసి, మూడో రోజు నా ఫోన్ ఆమె ముందు పెట్టాను.

“అక్కా, నేను మానుకోట రజితను.”

“ఎరికే. సంతు ఎట్లున్నడు?”

“మంచిగున్నడు. టెన్త్ చదువుతున్నడు. అక్కా, ఆ రోజు సీడీ...”

“జర ఊపిరి వట్టు. మాట్లాడితే దుమ్ము వడ్తది, గాలి బుగ్గ లేస్తది.” అద్దం ఒక అంచు నుంచి మెల్లగా ఆనిస్తూ చివరిదాకా బొటనవేలితో నొక్కింది. ఫోన్ నా చేతికిస్తూ అడిగింది. “మిగిలిన సినిమా జూసినవా?”

“లేదక్కా.”

“గందుకే గిట్ల పరేషాన్‌గ ఉంటవు,” అని నవ్వింది. నా బస్సు వచ్చింది. చెప్పాల్సింది చెప్పకుండానే ఎక్కాను. రేపు చెబుదామనుకున్నాను. పరీక్షలు వచ్చాయి, సెలవులు వచ్చాయి, తర్వాత ఆ చోట ఆమె బల్ల లేదు.

ఆమె చెప్పింది నిజమే. దవాఖాన కాగితాలు సగం చదివి మడిచేస్తాను. పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే ఫోన్లో వెతికి, మొదటి భయం కనబడగానే మూసేస్తాను. మా ఆయన షిఫ్టు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే, తలుపు గొళ్ళెం చూస్తూ కూర్చుంటాను తప్ప పక్క క్వార్టర్‌లో అడగను. అన్నిట్లోనూ ఆ చెయ్యి గట్టు మీద పడేదాకా వచ్చి ఆగిపోతాను.

నిరుడు సంతు ఫోన్ చేశాడు. “ద్వాలక్క సచ్చిపోయిందట అక్కా. నేను గార్ల పోతున్న. నువ్వొస్తవా?” చిన్నికి జలుబు చేసిందన్నాను. జలుబు చేసిన మాట నిజమే. వాడు ఒక్కడే పోయి దండ వేసి వచ్చాడు. నిజం చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ పోయింది.

చీటీ నా పదో తరగతి కాగితాల మధ్య ఉంది. ఇప్పుడు తీసి ముందు పెట్టుకున్నాను. ‘41 – గిరక మూడుసార్లు. చెయ్యి. మైదపిండి. 52 – పిల్లి. 63 – అద్దం. ఎనక ఎవలుండరు. చివరికి తల్లికి బిడ్డ దొరుకుతది.’ ఇన్నేళ్ళుగా ఇది నాకు కంఠతా వచ్చు. చెయ్యి తర్వాతది మాత్రం కళ్ళతో చూడలేదు.

పై మాటలన్నీ నిన్న రాత్రి రాసినవి. పొద్దున విహాన్ లేస్తూనే, “అమ్మా, ఆ చెయ్యి ఇంకా ఆడనే ఉన్నదా?” అని అడిగాడు. మా ఆయన లోపల నిద్రపోతున్నారు. నేను తలుపులూ కిటికీలూ తెరిచి, ప్లగ్గు పెట్టి, గిరకకు కాస్త ముందు నుంచి సినిమా నడిపించాను. ఎండ టీవీ మీద పడి బొమ్మ సగం వెలిసినట్టయింది. చిన్నిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను, విహాన్‌ను పక్కకు లాక్కున్నాను. చీటీని ఇద్దరికీ చూపించాను.

“నిన్న సగంల ఆపిన, తప్పు నాదే,” అన్నాను. “నేను గూడ ఇది మొత్తం చూడలే. నాకు గూడ భయమే. ఈ చీటి ద్వాలక్క అని ఒకామె రాసింది. నేను దొంగతనంగ సీడీ తెచ్చి, ఆమెనే ఇచ్చిందని అబద్ధం చెప్పిన. ఆమె నా పేరు బయటపెట్టలే. సంతు మామయ్యను ఒళ్ళె కూసుండవెట్టుకొని మొత్తం చూపెట్టింది. ఇయ్యాల మనం చూద్దాం. ఇగో, గిరక తిరుగుతున్నది. ఇంక జరసేపట్ల చెయ్యొస్తది. గోరు కాడ చూడుండ్రి.”