కొమురెల్లి కొరివికారం, సమ్మవ్వ కలిపిన పల్లీలు

మా తమ్ముడు కొమురెల్లి కారం తినే మొనగాడని శ్రీరాంపూర్ కాలనీలో అందరికీ తెలుసు. పల్లీలు ఎందుకు ముట్టేవాడు కాదో మాత్రం కొందరికే తెలుసు. ఆ సంగతి తెలియకపోతే వాడి చావు కూడా అర్థం కాదు. నేను చదివింది మూడో తరగతి. అయినా నా మాటలో తప్పు పట్టగల మొనగాడు ఈ కాలనీలో ఇంకా పుట్టలేదు.

మేము ఖానాపూర్ పక్క పల్లెలో పుట్టాం. మా అవ్వ మిరప చేన్లలో కాయ ఏరడానికి కూలికి పోయేది. ఎవరూ కొనని తాలు కాయలు ఒడిలో వేసుకొచ్చి ఉప్పుతో నూరేది. జొన్నరవ్వతో వండిన గట్కలోకి మాకు అదే కూర, అదే పప్పు. నోరు మండితే చెంబెడు నీళ్లు తాగేవాళ్లం. ఆ నీళ్లతో కడుపు నిండేది. మిరపకాయ ఆకలి తీర్చదని, ఉత్త గట్కను గొంతు దింపుతుందంతేనని నాకు అప్పుడే తెలిసింది. కొమురెల్లి మాత్రం తన ఒంట్లో ఉన్న బలమంతా కారానిదే అనుకున్నాడు.

పెద్దయ్యాక బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. టబ్బుల్లో బొగ్గు నింపే పని. భార్య సమ్మవ్వ సద్ది డబ్బాలో అన్నం పెట్టి, మీద కొరివికారం ముద్ద పెట్టి పంపేది. కారం గొంతులోని దుమ్మును కోసేస్తుందని, పల్లీలు తింటే దగ్గు వస్తుందని బాయి మనుషుల నమ్మకం. బాయిలోకి దిగే ముందు ఎవడైనా దగ్గితే, పని చేయించే సర్దారు దవాఖానకు పొమ్మని వెనక్కి పంపేవాడు. ఆ పూట హాజరు పోయినట్టే. అందుకని డ్యూటీ ఉన్న రోజు ఎవరూ పల్లీ ముట్టేవారు కాదు. మిగతావాళ్లు సెలవు రోజు బుక్కేవారు. మా వాడు సెలవు రోజు కూడా ముట్టలేదు. పెళ్లిలో పల్లిపట్టీ చేతిలో పెడితే పక్కవాడికి ఇచ్చేసేవాడు. నౌకరీ దిగిపోయే దాకా ఒక్కసారి కూడా తనను వెనక్కి పంపలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

రిటైరయ్యాక పట్టుకుంది దగ్గు. దవాఖానలో టీబీ అన్నారు. మందులు మొదలయ్యాక అన్నం సహించలేదు. బెల్టుకు కొత్త బొక్కలు కొట్టుకుంటూ పోయాడు. దవాఖానలో నూరీన్ అనే నర్సు వాణ్ని కాటా మీద నిలబెట్టి మొహం చిట్లించింది.

"పెదనాయినా, ఏం తింటున్నవ్?"

"బువ్వ, కారం."

"ఇంకా?"

"ఇంకింత కారం."

వెంట వెళ్లిన నేను, సమ్మవ్వతో సహా అందరం నవ్వాం. నూరీనే ముందు ఆపేసింది.

"గిట్లనే బరువు దిగితే మందు పనిచేసినా మనిషి మిగలడు. రోజూ గుప్పెడు పల్లీలు తినాలె."

"మిరపకాయల బలం లేదా బిడ్డా? విటమిన్లుంటయంటరు గద."

"ఉన్నయి. పచ్చి మిరపకాయల సి విటమిన్ మస్తుంటది. పల్లీల అది లేనే లేదు. గని కండ పట్టాల్నంటే మాంసకృత్తులు కావాలె, కొవ్వు కావాలె. గుప్పెడు పల్లీలల్ల ఒక గుడ్డుల ఉన్నన్ని ఉంటయి. గంత బలం మిరపకాయల్నుంచి రావాల్నంటే దగ్గర దగ్గర అర్ధకిలో నమలాలె. నములుతవా?"

"నములుత," అన్నాడు.

ఇంటికొచ్చాక సమ్మవ్వ పల్లీలు ఉడకబెట్టింది, వేయించింది, బెల్లం కలిపి ముద్దలు కట్టింది. ప్రతిదీ పక్కకు నెట్టేశాడు.

"దగ్గు వస్తది."

"ఇంకేం వస్తదిరా? రానే వచ్చి మంచంల పండె గద!" అన్నాను.

"ఇంకింత వస్తదే అక్కా."

ఆ మాట విన్నాక సమ్మవ్వను వంటింట్లోకి తీసుకెళ్లాను. పల్లీలు వేయించి, పొట్టు తీసి, కొరివికారంలో వేసి మెత్తగా నూరమన్నాను.

"వదినే, తెలిస్తే సంపుతడు."

"తెల్వకుంటే బతుకుతడు. నూరు."

మొదట కొంచెమే కలిపింది. తర్వాత తర్వాత కారం తగ్గింది, పల్లీ పెరిగింది. జబ్బు వాడి నాలుకను ఎప్పుడో మొద్దుబార్చింది, అందుకే వాడికి తెలియలేదు. వర్షాలు మొదలయ్యే వేళకు దవడలు కాస్త నిండాయి. కాటా చూసి నూరీన్ శభాష్ అంది.

"సూసినవా అక్కా, కారం బలం!" అన్నాడు. సమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది.

అంతా బాగుందనుకున్నప్పుడు రజాక్ వచ్చాడు. బాయిలో మా వాడి జోడి. మంచి మనిషి, సంచి నిండా బత్తాయిలు తెచ్చాడు. మా వాడు గొప్ప కోసం తన గిన్నె వాడి ముందుకు జరిపాడు. రజాక్ వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"వహ్వా! పల్లికారం మస్తున్నది కొమురెల్లన్నా. మా ఇంటామె కుబ్రాకు జర నేర్పమను వదినెను."

కొమురెల్లి గిన్నె వెనక్కి లాక్కుని మూత పెట్టాడు. అంతకు ముందు రోజే దగ్గులో నెత్తురు పడింది. రజాక్ వెళ్లాక సమ్మవ్వను పిలిచాడు.

"ఎప్పటిసంది?"

ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పేసింది.

"గందుకే దగ్గు తగ్గుతలేదు," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆమె చేతి మెతుకు ముట్టలేదు. గోడ పట్టుకుని లేచి తన బువ్వ తనే వండుకున్నాడు. కొట్టు నుంచి మిరపకాయలు తెచ్చుకుని ఉప్పులో అద్దుకుని నమిలాడు.

"సావాల్నని ఉన్నదారా నీకు?" అని మీద పడ్డాను.

"బాయిల గిన్ని ఏండ్లు నెత్తి మీది బండ ఎప్పుడు కూలుతదోనని కనిపెట్టుకుంట ఉన్న. ఇంట్ల నా పళ్లెం గూడ కనిపెట్టాల్నని తెల్వకపాయె."

నూరీన్ ఇంటికే వచ్చింది. దగ్గు జబ్బుదని, పల్లీలది కాదని ఎంతో చెప్పింది. "నువ్వు మా అక్క దిక్కు మనిషివి," అన్నాడు. ఆమె ఇచ్చిన గోలీలను కూడా వెలుతురుకు పట్టి చూసి, వాటిలో ఏం కలిపారో అంటూ పారేశాడు. బతుకమ్మ పూలు అంగట్లోకి రాకముందే పోయాడు. ఎత్తిన నలుగురికీ బరువు తెలియలేదు.

పిట్టకు పెట్టేనాడు, అంటే పోయినవాడి పేర కాకికి కూడు పెట్టేనాడు, సమ్మవ్వ విస్తరిలో అన్నం, కోడికూర, ఏమీ కలపని కొరివికారం పెట్టింది. నేను గుప్పెడు పల్లీలు తెచ్చి పక్కన పోశాను. కుల పెద్ద హనుమండ్లు అడ్డం వచ్చాడు.

"ఆయినెకు గిట్టనియి పెట్టద్దు రామవ్వా."

"సచ్చింది నా తమ్ముడు. నువ్వు పక్కకు జరుగు."

దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముందు పల్లీనే ముక్కున పట్టింది. ఆ తర్వాత ఇంకొకటి.

"సూడుండ్రి, సచ్చినంక మనసు మారింది," అన్నాడు హనుమండ్లు.

"మనసూ లేదు, మన్నూ లేదు. కాకికి ఆకలైంది," అన్నాను.

సమ్మవ్వ మాత్రం కాకి వైపు చూడకుండా నన్ను అడిగింది. "వదినే, చెప్పి కలిపితే తినేటోడా?"

"తినేటోడు కాదు," అన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

ఆమె మాత్రం నమ్మలేదు. ఇప్పుడు ఎవరి పళ్లెంలో ఏది వడ్డించినా అందులో వేసినవన్నీ, ఉప్పుతో సహా, పైకి చెప్పి వడ్డిస్తుంది. అవతలివాళ్లు తలూపేదాకా గంటె దించదు.