సబిహా మేడం, పట్టేసిన బ్రేకు

కాలిన బ్రేకు వాసన వస్తే పక్కవాళ్లకు భయం వేస్తుంది. నాకు కోపం వస్తుంది. మొన్న నాగర్‌కర్నూల్ నుంచి తెలకపల్లికి షేర్ జీపులో వస్తుంటే ఆ వాసన గుప్పుమంది. నా పక్కనున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఏందో కాలుతుంది బిడ్డా" అంది. డ్రైవరు "ఏం గాదమ్మా, బండి జర గరమైంది" అని పాట సౌండు పెంచాడు. "బండి ఆపు. దిగి చక్రాలు చూడు. ఏదో ఒకటి పట్టేసి ఉంటుంది" అని నేను గట్టిగా అనేసరికి అందరూ నా వైపు తిరిగారు. ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చున్న యాభై ఏళ్ల ఆడమనిషికి చక్రాల సంగతి ఎలా తెలుసని వాళ్ల ఆశ్చర్యం. తెలుసు. నాకు తెలియజెప్పింది సబిహా మేడం. ఆమె మెకానిక్కు కాదు, ఆమెకు బండి నడపడం కూడా రాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ అప్పుడు పాలమూరు జిల్లాలోనే ఉండేవి. వనపర్తిలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో నేను ఊళ్లు తిరిగే కార్యకర్తను. సంస్థ పేరు చెప్పను, చెబితే దాన్ని కూడా వాళ్లు ప్రచారానికి వాడుకుంటారు. మహిళా సంఘాలు పెట్టించడం, ఊళ్లో చిన్న చిన్న తగాదాలు ఆడవాళ్లే కూర్చుని తీర్చుకునేలా చూడటం మా పని. ఆఫీసుకు పెద్ద సబిహా మేడం. పుట్టిల్లు గద్వాల. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. ఎవరు ఏం చెప్పినా వాటిని నములుతూ వినేది. నమలడం ఆపిందంటే ఎవరికో మూడిందని మాకు అర్థమయ్యేది.

ఊళ్లు తిరగడానికి మాకొక పాత పెద్ద బండి ఇచ్చారు. హైదరాబాదు పెద్దాఫీసు వాడి వాడి విసుగొచ్చి మా నెత్తిన పెట్టిన బండి అది. దాని డ్రైవరు బాలస్వామి. ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లెటూరు. అందరం బాలన్న అనేవాళ్లం. మాట కరుకు, మనిషి నిక్కచ్చి. "బండి పట్టుకుంటుంది మేడం, గేరు దీసినా ఉరుకుతలేదు" అని వానాకాలం నుంచీ చెబుతూనే ఉన్నాడు. మేడం పెద్దాఫీసుకు ఫోన్ చేసినప్పుడల్లా పాత బండి అలాగే ఉంటుందని జవాబు వచ్చేది. ఆ జవాబు చెప్పేవాడు ఏసీ గదిలో కూర్చుని చెప్పేవాడు. ఎండలో ఆగిపోయిన బండి వెనక చేరి తోసేది మేము.

ఆ పెద్దాఫీసు లెక్కల సారు ఒక నెల మా సమావేశానికి వచ్చాడు. సంఘాల నాయకురాళ్లంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. వెనక గోడ మీద ఆత్మగౌరవం గురించి పెద్ద పోస్టరు. ఆయన దాని కింద నిలబడి, కాలిక్యులేటర్ మీటలు నొక్కి, తలుపు దగ్గరున్న బాలన్నను ముందుకు పిలిచాడు. "లీటరుకు రావలసిన కిలోమీటర్లు రావడం లేదు. బండి తాగుతోందా, నువ్వు తాగిస్తున్నావా? ట్రాక్టర్లకు అమ్ముకుంటున్నావని నాకు తెలుసు. దీన్ని దొంగతనం అంటారు" అన్నాడు.

"నేను అమ్మలే సార్. బండిల ఏదో ఖరాబుంది. ఎన్నిసార్లు చెప్పిన" అన్నాడు బాలన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన సారు వైపు చూడలేదు. ముందు వరసలో కూర్చున్న బుచ్చమ్మ వైపు చూశాడు. బుచ్చమ్మది బాలన్న ఊరే. సాయంత్రానికల్లా ఆ మాట ఆమెతోపాటే ఊరికి చేరుతుందని ఆయనకు తెలుసు.

మేడం నమలడం ఆపింది. "సార్, బండి సూసిన్రా?" అని అడిగింది.

"లెక్క చూశానమ్మా."

"లెక్క గాదు సార్, బండి."

"బండి చూడటానికి నేనేమైనా మెకానిక్కునా?"

"మరి దొంగ అనెతందుకు మీరేమన్న పోలీసా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. నెలాఖరుకు ఇతన్ని తీసేసి ఇంకో డ్రైవర్ని చూసుకోమని చెప్పి, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు. తినకుండా పోయినందుకు నాకు ఆ రోజు సంతోషమే కలిగింది.

కానీ మాట ఆయనతోపాటు వెళ్లిపోలేదు. డీజిలు బంకు దగ్గర పిల్లలు "ఏం బాలన్నా, ఇయ్యాల ఎన్ని లీటర్లు?" అని అరవడం మొదలుపెట్టారు. బాలన్న చాయ్ హోటల్లో కూర్చోవడం మానేశాడు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. డ్రైవరుకు డీజిల్ దొంగ అని పేరు పడితే మాత్రం ఏ ఓనరూ తాళంచెవి చేతికివ్వడు. ముప్పై ఏళ్లుగా బండ్లు తోలుతున్న మనిషికి చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. దాన్ని ఒకడు వచ్చి, మీటలు నొక్కి, పావుగంటలో తుడిచిపారేశాడు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే మేడం నన్ను కేకేసింది. "పద్మా, జర నాతోని రా. బాలన్నా, బండి దీయి. గద్వాలకు పోదాం. మా మామూ కొడుకు ఖాదర్ షెడ్డు ఉన్నది, ఆడ సూపిద్దాం. తొవ్వల నేనూ సూస్త." ఏం చూస్తారు మేడం అని అడిగాను. "రెండు లెక్కలున్నయి గద. డీజిల్‌ది ఒకటి, కిలోమీటర్లది ఒకటి. డీజిల్ లెక్కనే తప్పని ఆయనకెట్ల తెల్సు?" అంది. ఆ చిన్న ప్రశ్న మా ఆఫీసులో ఒక్కరికీ రాలేదు.

పెబ్బేరు దాటాక రోడ్డు పక్క కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా నన్ను మీటరు చదవమంది. మొదట రెండూ సమానంగానే ఉన్నట్టు అనిపించింది. పోను పోను మీటరు వెనకబడింది. రాళ్ల లెక్కన పదకొండు కిలోమీటర్లు వచ్చాక మీటరు పదే చూపిస్తోంది. బాలన్న పళ్లు కొరుకుతూ తోలుతున్నాడు. ఒకచోట రోడ్డు బాగా దిగుడుగా ఉంటే మేడం బండి ఆపించింది. బ్రేకు వదిలి గేరు తీయమంది. ఏ బండయినా అక్కడ దానంతటదే జారాలి. మాది మొండికేసిన ఎద్దులాగా అక్కడే నిలబడింది.

మేడం కిందికి దిగి, కొంగు బొడ్లో దోపుకుని, ఒక్కో చక్రం దగ్గర అరచేయి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూసింది. నన్నూ పెట్టమంది. మూడు చక్రాలు మామూలు వేడి. ఎడమ ముందు చక్రం దగ్గర మాత్రం పొయ్యి సెగ తగిలినట్టు చేయి వెనక్కి లాక్కున్నాను. ఆమె ఆగుతుందా? నీళ్ల సీసా మూత తీసి లోపలికి నాలుగు చుక్కలు విదిల్చింది. చుర్రుమంది. "ఇన్నవా? ఇది బ్రేకు ఇడ్సిపెడ్తలేదు. ఇడ్సిపెట్టని బ్రేకును గుంజుకుంట ఉరుకుతుంటే బండి డీజిల్ తాగక ఏం తాగుతది?" అంది.

గద్వాలలో ఖాదర్ ఆ నీళ్ల సంగతి విని ముందు అక్కను తిట్టాడు. "గరం మీద నీళ్లు పోస్తే పగుల్తది ఆపా, నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు. మేడం తిట్లు తింటూ పల్లీలు తింది. జాకీ ఎత్తి చక్రం తిప్పబోతే రెండు చేతులకూ కదల్లేదు. విప్పి చూస్తే లోపల బ్రేకును నొక్కే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కాలు తీసినా అది వెనక్కి రావడం లేదు. బ్రేకు ఆయిల్ నల్లగా మురికినీళ్లలాగా ఉంది. ఏళ్ల తరబడి మార్చలేదన్నాడు ఖాదర్. తర్వాత బండి వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయాడు.

"ఈ టైర్లు ఎవరేసిన్రు? ఇవి ఈ బండియి గావు. ముందటి వాటికంటె పెద్దగున్నయి."

బాలన్న చెప్పాడు. "పెద్దాఫీసుల ఇంకో బండి అమ్మిన్రు. దాని టైర్లు మంచిగున్నయని లెక్కల సారే లారీల ఏసి పంపిండు. సైజు పెద్దగుంది సార్ అని ఫోన్ జేస్తే, తిరుగుతయి గద, ఇంకేం గావాలె అన్నడు."

"తిరుగుతయి. గని ఈ బండి మీటరు వెనక చక్రాలు ఎన్ని సుట్లు తిరిగినయో సూసి లెక్క గడ్తది" అన్నాడు ఖాదర్. "చక్రం పెద్దదైతే తక్కువ సుట్లల్ల ఎక్కువ దూరం పోతది. మీటరుకు గది తెల్వదు గద."

అంటే బండి పోయిన దూరం మీటర్లో తక్కువ పడుతోంది, పట్టేసిన బ్రేకుతో డీజిలు ఎక్కువ కాలుతోంది. బ్రేకు బాగుచేయించనిది వాళ్లు, టైర్లు పంపింది వాళ్లు. దొంగ పేరు బాలన్నకు. మేడం షెడ్డు ముందున్న స్టూలు లాక్కుని కూర్చుని, ఖాదర్ విప్పిన ఒక్కో ముక్క గురించీ అడిగి తెలుసుకుంది.

అంతా రాసి, ఖాదర్ చేత సంతకం పెట్టించి పంపితే, పెద్దాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాం, డ్రైవర్ని ఉంచుకోండి, ఇకపై జాగ్రత్తగా ఉండమనండి అని. నేను ఎగిరి గంతేశాను. మేడం రిసీవరు పెట్టేసి "ఏం తప్పు జేసిండని ఇడ్సిపెడ్తున్నరు?" అని నా మీద అరిచింది, ఆ మాట అన్నది నేనే అయినట్టు. తర్వాత బాలన్నను పిలిచి కూర్చోబెట్టింది.

"దొంగ అని అందరి ముందర అన్నరు. కాదని గూడ అందరి ముందరనే అనాలె. నేనైతే కొట్లాడుత. కొట్లాడితే నీ నౌకరి మీదికి రావొచ్చు. నౌకరి నీది, పేరు నీది. నువ్వే చెప్పు."

"బుచ్చక్క ముందర అనాలె మేడం" అన్నాడు బాలన్న. "ఆమె ఇన్నది గద. నౌకరి పోతే పోనీయి."

మరుసటి సమావేశానికి లెక్కల సారు వేరే పని మీద వచ్చాడు. మేడం ఆయన మాట్లాడేదాకా ఆగలేదు. నాయకురాళ్లందరినీ బయట బండి దగ్గరికి నడిపించింది. బ్రేకు బాగుచేయించాం గానీ టైర్లు మార్చడానికి అనుమతి రాలేదు కాబట్టి అవి అలాగే ఉన్నాయి. బుచ్చమ్మ చేతికి పగ్గం ఇచ్చి ముందు టైరు చుట్టూ కొలవమంది. బుచ్చమ్మ కొలిచి, చివర వేలితో పట్టుకుని, అదే పగ్గం వెనక టైరుకు చుట్టింది. కొసలు కలవలేదు. జానెడు తక్కువైంది. ఆడవాళ్లు గుసగుసలాడారు. మేడం నాలుగు మాటల్లో మీటరు సంగతి, బ్రేకు సంగతి చెప్పింది. అంతకుమించి ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

సారు "ఇవన్నీ సాంకేతిక కారణాలు" అన్నాడు. బుచ్చమ్మ పగ్గం చుట్టగా చుట్టుకుంటూ "గట్లంటే ఏంది సార్? మా సంఘంల ఎవరిమీదన్న ఉత్తగ నింద ఏస్తే తప్పు ఒప్పుకోమంటం. మాకు నేర్పింది మీరే గద" అంది. ఆయన చుట్టూ చూశాడు. పోవడానికి దారి లేదు, అంతా ఆడవాళ్లే. నేల వైపు చూస్తూ "ఐ యామ్ సారీ" అన్నాడు.

"తెలుగుల చెప్పున్రి సార్" అంది మేడం. "దొంగ అన్నది తెలుగులనే అన్నరు గద."

ఆయన ఈసారి తెలుగులోకి దిగాడు. బాలస్వామి డీజిలు దొంగతనం చేయలేదు అన్నాడు. బాలన్న ఆయనకు దండం పెట్టలేదు, ఏడవలేదు. బుచ్చమ్మ వైపు తిరిగి "ఇన్నవా అక్కా?" అన్నాడు. "ఇన్న తమ్మీ. ఊర్ల చెప్త" అందామె.

బాలన్న ఉద్యోగం నిలిచింది. మేడంది పోయింది. ఏడాది తిరిగేసరికి ఆమె ఒప్పందం పొడిగించలేదు. కారణం కాగితం మీద రాయలేదు గానీ, పెద్దాఫీసు నుంచి వచ్చిన ప్రతివాడూ మా చెవిలో ఊది పోయాడు. సంస్థ బండి వేసుకుని పుట్టింటికి తిరిగిందట. గద్వాల వెళ్లిన ఆ ఒక్కరోజును పట్టుకుని అన్న మాట అది. నేను అగ్గి మీద గుగ్గిలమై, మీ గురించి కూడా అందరి ముందూ చెప్పిద్దాం పదండి అన్నాను. "నాకోసం మీటింగు పెట్టుమని నేనెట్లంట పద్మా? అది ఇంకొకరు అడగాలె" అంది. అడిగినవాళ్లం నలుగురం. మా మాట ఎవరూ లెక్కచేయలేదు. ఆమె గద్వాలకు వెళ్లిపోయి ఆడపిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికింది. పోయిన ఏడాది పోయింది.

నేనిప్పుడు తెలకపల్లిలో ఒక ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటున్నాను. ఏదైనా పోయిందని ఎవరైనా వంటామె పేరు ఎత్తితే, ముందు వెళ్లి నా కళ్లతో చూస్తాను. నింద పొరపాటని తేలితే, అది వేసిన పిల్ల చేత భోజనాల గదిలో, అందరూ కూర్చున్నప్పుడు, వంటామె పేరు పెట్టి ఆ మాట వెనక్కి తీసుకునేలా చేస్తాను. పిల్లలు నన్ను చండశాసనురాలు అంటారు. అననీ.

సబిహా మేడం ఆఫీసు బండిలో పుట్టింటికి తిరిగిందన్న మాట విన్నవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. వాళ్లందరినీ మళ్లీ ఒక్కచోట కూర్చోబెట్టలేను. అందుకే ఆమెను ఎన్నడూ చూడని మీ ముందు చెబుతున్నాను. ఆ రోజు గద్వాలలో, ఖాదర్ షెడ్డుకు రెండు సందుల అవతలే ఆమె తల్లి ఇల్లు. మధ్యాహ్నం ఎండకు నాకు కళ్లు తిరుగుతుంటే, అమ్మింటికి పోయి కాసేపు కూర్చుందామా మేడం అని నేనే అడిగాను. బండి ఆఫీసుది, ఆఫీసు పని మీద వచ్చినం అని ఆమె స్టూలు మీద నుంచి లేవలేదు. ఆ పొద్దంతా పల్లీలే తిని, పని కాగానే బండెక్కింది. కన్నతల్లి ముఖం కూడా చూడకుండా వనపర్తికి తిరిగొచ్చింది. నేను పక్కనే ఉన్నాను.