సణగని బ్యాటరీ

మా బందరు బ్యాటరీ షాపులో ఇరవై ఏళ్ళుగా ఒక తంతు నడుస్తోంది. కొనడానికి వచ్చినాయన ముందు బ్యాటరీని రెండు చేతులా ఎత్తి చూస్తాడు. నడుం పట్టేస్తే మంచి సరుకు. తేలిగ్గా లేచిందా, "లోపల సీసం ఉందా, గాలి పోశారా?" అంటాడు. ఆ తర్వాత గ్యారంటీ కార్డు వంక కన్నెత్తి కూడా చూడకుండా నా మొహంలోకి చూసి, "పూచీ మీదేనాండీ?" అని అడుగుతాడు.

"నాదేనండీ. మీ మనవడి పెళ్ళి పందిట్లో లైట్లు దీంతోనే వెలుగుతాయి" అంటాను నేను.

మూడేళ్ళు వస్తే గొప్పని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట నా నోట్లోంచి పడందే ఆయన చెయ్యి జేబులోకి పోదు. అలా పూచీ పడి పడి, బందరులో సగం మంది మనవళ్ళ పెళ్ళిళ్ళకి నేను బాధ్యుణ్ణయి కూర్చున్నాను.

అలాంటి షాపుకి మా బావ వచ్చి, విమానానికి బ్యాటరీ కావాలన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. నాగాయలంక అవతల రొయ్యల చెరువులు చేస్తాడు. ఆయన కూర్చుంటే ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి దణ్ణం పెడతాయి. అంతటి మనిషి ఐదేళ్ళుగా మేత బస్తాల షెడ్డులో, ఒక్క మనిషి పట్టే చిన్న విమానం కడుతున్నాడు. అల్యూమినియం పైపులు, గుడ్డ రెక్కలు, కాగితంలో చూపినట్టు బిగించుకునే కిట్టు. ఎక్కడో దూరం వెళ్ళి నడపడం నేర్చుకొచ్చాడు. కాగితాలన్నీ చేతికొచ్చాక విప్పి, లారీకెత్తి, అనుమతి ఉన్న రన్‌వే దగ్గరికి తీసుకెళ్ళి ఎగరాలి. అది ఇప్పటికే సముద్రం మీద మూడు చుట్లు కొట్టొచ్చిందని దివిసీమంతా చెప్పింది నేనే.

"ఇంజిన్‌కి పెట్రోలు తోసే పంపూ, నిప్పురవ్వ వేసే పెట్టే, రెండూ కరెంటు మీదేరా" అన్నాడు బావ. "ఎగిరేటప్పుడు ఇంజినే బ్యాటరీని చార్జి చేస్తుంది. ఆ చార్జింగ్ పోయిందనుకో, కిందికి దిగేదాకా బ్యాటరీ ఒక్కటే దిక్కు. అరగంట కావాలి నాకు. బరువు మాత్రం ఉండకూడదు."

గుడివాడ హోల్‌సేల్ నుంచి లిథియం బ్యాటరీలు రెండు అప్పుడే తెప్పించి ఉన్నాను. ఒకదాని పట్టీని చిటికెన వేలికి తగిలించి, పూలసజ్జలా ఊపి చూపించాను.

"సీసంది నాలుగు కిలోలు. ఇది కిలో. పెట్టె మీద కెపాసిటీ మాత్రం రెండిటికీ పన్నెండు ఆంపియర్ అవర్లే. అరగంటేంటి బావా, చందమామ దాకా వెళ్ళి టీ తాగి రా."

"పూచీ నీదేనా?"

"నాదే. కళ్ళు మూసుకుని బిగించు."

రోజుకి పదిసార్లు అనే మాటే. నాలుక దానంతటదే తిరిగింది.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో కరెంటు పోయింది. రెండో లిథియం బ్యాటరీకి ఒక బల్బూ, చిన్న ఫ్యానూ తగిలించి, ఎదురుగా ఉన్న కస్టమరుకి దాని గొప్పలు మొదలుపెట్టాను. మీటరు పదమూడు చూపిస్తోంది. గొప్ప చెప్పినప్పుడల్లా చూస్తున్నాను, పదమూడే. "చూశారా, వీసమెత్తు కూడా దిగలే..." అంటుండగా అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. మీటరుతో సహా.

కస్టమరు నవ్వాడు. నాకు మాత్రం బావ విమానం గుర్తొచ్చింది.

సీసం బ్యాటరీ పెద్ద ముత్తయిదువ లాంటిది. పోయే ముందు చాలాసేపు సణుగుతుంది. బల్బు పసుపెక్కుతుంది, ఫ్యాను కాళ్ళీడుస్తుంది, నువ్వు లేచి ఏదో ఒకటి చేసుకునేదాకా గొణుగుతూనే ఉంటుంది. ఇది సణగలేదు. కడదాకా నిండు మొహంతో నవ్వుతూ ఉండి తలుపేసుకుంది. పెట్టె తెచ్చి, అద్దాలు పెట్టుకుని వెతికితే పన్నెండు కింద చీమ తలకాయంత అక్షరాలు కనిపించాయి. ఆ పన్నెండు, స్టార్టు చేసే బలంలో సీసంతో సమానమని చెప్పే అంకెట. లోపల నిజంగా ఉన్నది నాలుగు. పెట్టె కూడా నా జాతిదే. నా కంటే ఘనంగా కోసేసింది. నేను చదవకుండానే పూచీ పడ్డాను.

ఫోను చేసి "బావా, ఆ బ్యాటరీ..." అనగానే బావ, "మళ్ళీ ఏంట్రా, పేలిందా?" అని నవ్వి పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే, సీసంది ఒకటి ఒళ్ళో పెట్టుకుని, అవనిగడ్డ మీదుగా నాగాయలంక బస్సెక్కాను. ఆ రోజు ఆ బస్సు ఆగని చెట్టు లేదు. దారంతా చెప్పాల్సింది కూడబలుక్కున్నాను. తీరా షెడ్డులో బావనీ అక్కనీ చూడగానే నా నోరు నా మాట వినలేదు.

"బావా, పిడుగు పడ్డట్టు ఆగిపోయింది! బందరు సగం చీకటైపోయింది!"

"మిట్టమధ్యాహ్నమా?" అంది అక్క.

బావ పొట్ట కదిలేలా నవ్వాడు. "వీడి మాటకి తరుగు తియ్యాలే. ఐసూ నీళ్ళూ పోగా ఎంత తేలుతుందో చూద్దాం" అన్నాడు. రొయ్యలు కొనేవాళ్ళు కాటా దగ్గర తీసే కోత అది.

"మంగినపూడిలో కరెంటు స్తంభమంత చేపని పట్టుకున్నాడు కదా వీడు" అంది అక్క. "తెచ్చాక చూస్తే పిల్లి కూడా మొహం తిప్పుకుంది."

నాకు నవ్వు రాలేదు. నేను నవ్వలేదని కూడా వాళ్ళు గమనించలేదు. ఇన్నేళ్ళూ నవ్వించిన పాపానికి నా భయం కూడా వాళ్ళకి వేషంలాగే కనిపిస్తోంది.

బావ ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. చెరువులో చెక్ ట్రే అని ఒకటి ఉంటుంది. మేత వేసిన పళ్ళేన్ని నీళ్ళలోకి దించి, కాసేపయ్యాక పైకి లాగి చూస్తారు. ఖాళీగా వస్తే రొయ్య తింటోంది, బాగుందని లెక్క. బావ అదే పద్ధతిలో పొద్దునా సాయంత్రం బ్యాటరీకి మీటరు ఆనించి రాసుకున్నాడు.

"చూడు. పదమూడు పాయింట్ రెండు, పదమూడు పాయింట్ రెండు. పది రోజులూ అంతే. ట్రే ఖాళీ, రొయ్య భేష్."

అప్పుడు నా నోట్లోంచి పెంచని మాట ఒకటి వచ్చింది. "ట్రే ఖాళీగా వచ్చిన చెరువులో పొద్దున్నకల్లా రొయ్యంతా చచ్చి తేలలేదా బావా, నీకు?"

బావ నోటుబుక్కు మూసేశాడు. ఆ చెరువు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అక్క ముందు నా వైపూ, తర్వాత విమానం వైపూ చూసింది.

"ఎలా చూద్దామంటావు?" అన్నాడు బావ.

ఇంజిన్ తిప్పక్కర్లేదన్నాను. పంపు వేసి, పెట్రోలు డబ్బాలోంచి డబ్బాలోకే తిరిగేలా పెట్టాం. మిగతా సామాను తాగే కరెంటుకి బదులు, షెడ్డు తలుపు దగ్గర ఒక కారు హెడ్‌లైటు బల్బు తగిలించాం. లిథియం నిండా చార్జయి ఉంది. బావ సీట్లో ఇరుక్కుని కూర్చున్నాడు. అక్క సెల్లులో టైము పెట్టింది.

పంపు గుయ్యిమంటోంది. ఐదు నిమిషాలు. పది. బావ మీటరు చూసి "పదమూడు" అంటున్నాడు. పదిహేను. "పదమూడేరా." బల్బు తెల్లగా, పెళ్ళికొడుకులా వెలుగుతోంది. నేను తప్పయితే బాగుండునని ఒక పక్క, ఒప్పయితే బాగుండునని ఇంకో పక్క. పందొమ్మిదో నిమిషంలో అన్నీ పోయాయి.

చెరువుల్లో గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళని కొడుతున్న చప్పుడు అప్పుడు వినిపించింది. అంతసేపూ ఉన్నదే. బావ విమానం నడిపే కర్ర మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇప్పుడు పైనుంటే?" అంది అక్క.

నేను లిథియందాన్ని ఊడదీశాను.

సీసందాన్ని బిగించాం. "మూడు కిలోలు ఎక్కువరా" అన్నాడు బావ నీరసంగా.

"ఆ మూడూ నువ్వు తగ్గు బావా. నీ పొట్టలో ఒక మూల కూడా కాదు."

అక్క కూడా నవ్వలేదు. "రేపటి నుంచి రాత్రి అన్నం లేదు" అంది.

ఈసారి మీటరు కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. ముప్పై నిమిషాలు దాటాక బల్బు పసుపెక్కింది. పంపు గొంతు బొంగురు పోయింది. సణుగుడు మొదలైంది. "తగ్గుతోందిరా, నాక్కూడా తెలుస్తోంది" అంది అక్క. ముప్పై ఎనిమిదో నిమిషంలో పంపు ఇక పెట్రోలు తొయ్యలేనంది.

బావ సీట్లోంచి దిగలేదు. నా మొహంలోకి చూశాడు. బందరులో అందరూ చూసే చూపే.

"పూచీ నీదేనా?"

మనవళ్ళూ, పెళ్ళిళ్ళూ, చందమామా అన్నీ నాలుక చివరిదాకా వచ్చి ఆగాయి. "ముప్పై ఎనిమిది నిమిషాలు" అన్నాను. "ఇవాళ, ఈ ఎండలో, కొత్తదై ఉండగా. వచ్చే ఏడాదికి ఎంత వస్తుందో నాకు తెలీదు. ఏటా మార్చు. మార్చే ముందు ఇలాగే కూర్చుని చూడు."

అక్క నా వంక ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. బావ జేబులోంచి మార్కరు తీసి, మీటరు కింద అంటించిన తెల్ల ప్లాస్టరు మీద రాయడం మొదలుపెట్టాడు. వంగి చూశాను. ముప్పై అని రాసి, కాసేపు ఆలోచించి, కొట్టేసి, ఇరవై ఐదు అని రాశాడు.

నేను చెప్పిన ఒకే ఒక్క నిజానికీ తరుగు తీశాడు. ఇంకొంచెం తియ్యి బావా అని అడగబోయి, ఆయన ఆ అంకె కింద గట్టిగా గీత గీయడం చూసి ఊరుకున్నాను.