పెంబ్రోక్‌షైర్ కోటలో చప్పట్లు

మా ఆవిడ శారద గోల్కొండ పక్కనే పుట్టి పెరిగింది. అక్కడ కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుంది. అందుకే ఏ కోటకు వెళ్లినా తను గుమ్మంలో చప్పట్లు కొట్టేది, నేను పైకెక్కి వినాలి. మేముండే ఈ ఎడారి దేశంలో హత్తా కోటలో, ఫుజైరా కోటలో, ఎక్కడా వినిపించలేదు. "మా గోల్కొండే గెలిచింది" అని మురిసిపోయేది. తర్వాత వేల్స్ కోటలు చూడాలనుకున్నాం. ఇంతలో కిందటేడు శారద చనిపోయింది.

ఈ సాయంత్రం అల్ కుసైస్‌లో ఇంట్లో టీ పెట్టుకుంటుంటే పక్క ఫ్లాట్ శ్రీను వీడియో కాల్ చేశాడు. భార్య లావణ్యతో సెలవుకు వేల్స్ వెళ్లాడు. పెంబ్రోక్‌షైర్‌లో సముద్రం అంచున కొండబాట వెంట నడిచి, ఓ పాత కోట గుమ్మం చేరుకున్నారట.

"అన్నా, కొడ్తున్న సూడు" అని గట్టిగా చప్పట్లు కొట్టి, పైకి అరిచాడు. "లావణ్యా, ఇనొచ్చిందా?"

బురుజు మీంచి లావణ్య కేక వేసింది. "చప్పట్లా? ఏం ఇనరాలే! వానల తడిసి ముద్దయిన. యల్లా, పోదాం పా!"

శ్రీను ఫోన్‌లోకి చూసి నవ్వాడు. "వదినెనే గెల్చింది అన్నా."

మీలో ఎవరైనా ఏ కోటకు వెళ్లినా, గుమ్మంలో ఒకసారి చప్పట్లు కొట్టి నాకు రాయండి. వినిపించకపోతే మరీ సంతోషం.