వదిన నడుముకి కట్టిన సంచీ

ఆ గోడమీది ఫొటోలో చివర నిలబడ్డావిడ ఎవరని మీలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా? అడగరు. సినిమావాళ్ళ కుక్కపిల్లల పేర్లు మాత్రం గడగడా చెప్తారు. ఆవిడే లేకపోతే మీ అమ్మ ఎక్కడ పెరిగేదో, మీరసలు పుట్టేవాళ్ళో లేదో. వినండి, మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు.

ఆవిడ మీ తాతకి అక్క, నాకు వదిన. టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పని. లారీల మీద కప్పే ఆ మందపు గుడ్డని దబ్బనంతో కుట్టీ కుట్టీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. నోరు మాత్రం మొద్దుబారలేదు.

నాకు పెళ్ళైన కొత్తలో ఆవిడ అద్దెగది కాలిపోయి మా ఇంటికి వచ్చేసింది. కాగితాలన్నీ బుగ్గి. బతికున్న మనిషి, తను బతికే ఉన్నానని, తను తనేనని ఒప్పించడానికి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. అప్పుడు పట్టుకుంది పిచ్చి. ఇంట్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నకలు తీయించేది, ఆఫీసుకెళ్ళి దానిమీద ముద్ర వేయించేది. షెడ్డులో మిగిలిన టార్పాలిన్ ముక్కతో సంచీ కుట్టింది. అంచుని రెండు మడతలు మడిచి, దారానికి మైనం రాసి, సూది దిగిన ప్రతి కన్నం మీదా మళ్ళీ మైనం అద్దింది. వానలో లారీ సరుకు తడవకుండా ఎలా కుడతారో అలాగే. దాన్ని చీర కింద నడుముకి కట్టుకుని తిరిగేది.

వీధి వీధంతా నవ్వింది. "ఏమ్మా, ఇవాళ ఆస్తి ఎంత బరువుంది?" అని కూరగాయలవాడు కూడా అడిగేవాడు.

"నీ తూకంరాళ్ళకంటే నిజం బరువే ఉందిలే" అనేది.

మీ తాత తక్కువేం కాదు. ఆవిడ పోరు పడలేక తనూ నకళ్ళు తీయించాడు. తీయించి, అసలు కాగితాలతో కలిపి ఒకే బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రెండో గొడుగు కొని, మొదటి గొడుగులోనే దాచినట్టుందిరా నీ తెలివి" అంది వదిన.

"ఇనప బీరువా అక్కా. ఏనుగొచ్చినా కదలదు."

ఏనుగు రాలేదు, ఏరొచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే వీధిలోకి నీళ్ళొచ్చాయి. చెయ్యి కడుక్కునేలోపు గడప దాటాయి. పడవలవాళ్ళు పిల్లల్ని ముందు ఎక్కించమన్నారు. మీ అమ్మకి అప్పుడు నాలుగేళ్ళు. పడవలోకి అందించానో లేదో, నన్ను ఎక్కించుకోకుండానే కదిలిపోయింది. నేనూ వదినా మీ తాతా ఇంకో పడవలో ఇంకో ఒడ్డుకి చేరాం.

రెండ్రోజులు ఊరంతా గాలిస్తే, దూరంగా ఒక బడిలో పిల్లల్ని ఉంచారని తెలిసింది. పరిగెత్తాం. ఎవరూ రాని పిల్లల్ని పట్నంలో అనాథాశ్రమానికి తీసుకెళ్ళే వ్యాను స్టార్టయి ఉంది. కిటికీ పక్కన మీ అమ్మ. బెదిరిపోయి మాట పడిపోయింది. నన్ను చూసి కూడా గుడ్లప్పగించి చూసిందే తప్ప అమ్మా అనలేదు.

"మా పిల్లండీ" అన్నాను, అక్కడ పిల్లల బాధ్యత చూసే మేడంతో.

"నిన్న ఒకావిడా ఇలాగే ఏడుస్తూ వచ్చిందమ్మా. పిల్లాణ్ణి ఇచ్చేశాక అసలు తల్లి వచ్చింది. కాగితం చూపించండి. లేదంటే పిల్ల వ్యానులో వెళ్తుంది, మీరు పట్నం వచ్చి తేల్చుకోండి."

ఆ మేడం తప్పేం లేదు. మీ తాత నేలమీద కూలబడ్డాడు. వదిన తమ్ముడి వంక చూసి, "లేవరా, దారికి అడ్డం" అంది. గోడవైపు తిరిగి సంచీ బయటికి లాగింది. నడుంలోతు నీళ్ళలో నానివచ్చిన సంచీ. అంచుదారం పళ్ళతో కొరికి తెంపింది. లోపల కాగితాలు గలగలలాడాయి. చుక్క తడి లేదు.

మీ అమ్మ పుట్టినట్టు రాసిచ్చిన కాగితం. దానికి అతికించిన ఫొటోలో నా ఒళ్ళో మీ అమ్మ. సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా ఆఫీసు ముద్ర.

మేడం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నకలు కదమ్మా. అసలేదీ?"

"అసలు బీరువాలో ఉంది. బీరువా ఏట్లో ఉంది. ఏరుని పిలిపించమంటారా?"

మేడం నవ్వాపుకోలేకపోయింది. ముద్ర చూసింది, ఫొటో చూసింది, నా మొహం చూసింది. ఇంజను ఆపమని డ్రైవరుకి చెప్పింది.

పిల్లని వదినే దించింది. చంకనెత్తుకుని ఆ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి ఊరేగించింది, "మా పిల్ల, ముద్రున్న పిల్ల" అని అందరికీ చూపిస్తూ. జనం లేచి దారిచ్చారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు విప్పింది మీ అమ్మ నోరు.

"అత్తా, దించు. నేను నడుస్తా."

అప్పటిదాకా కన్నీటిచుక్క రాల్చని మనిషి, అక్కడే మెట్లమీద కూచుని భోరుమంది. ఏడుస్తూనే మీ తాతని తిట్టింది.

నీళ్ళు తీశాక బీరువా దొరికింది. తలుపు బద్దలుకొడితే లోపల అసలూ నకలూ కలిసి ఒకటే ముద్ద. ఆ తర్వాత వీధిలో ఆడవాళ్ళందరికీ వదినే సంచులు కుట్టిపెట్టింది. మీ తాత మళ్ళీ అక్క మాటకి ఎదురు చెప్పలేదు. నేను చెప్పాననుకోండి. చెప్పకపోతే ఆవిడకి అన్నం అరిగేది కాదు.

నిద్రలో పోయింది. అప్పటికి ఆవిడకి ఎనభై మూడేళ్ళు.