ఫిడేలు ప్లేటు ముందు
సాగర్ ఆనకట్ట కట్టే రోజుల్లో ధరణికోట నుంచి కూలిపనికి పోతుంటే, వానకు మాచర్లలో బస్సు ఆగిపోయింది. ఓ మిషన్ బడి మాస్టారు నన్ను వసారాలోకి పిలిచి, గ్రామఫోనులో ఫిడేలు ప్లేటు పెట్టాడు.

“మూడొందల ఏళ్లనాటి దొర కట్టిన బాణీ అబ్బాయ్. వాళ్ల దేశంలోనే చానామందికి ఆయన పేరు తెలవదు.”

“మరి మాచర్లకెందుకు తెచ్చినట్టు మాస్టారూ?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “ఈ ఊళ్లో ఎవరూ చివరిదాకా వినరు. నువ్వన్నా విను.”

మా ఊరి హరికథల్లో కాసేపు ఫిడేలు మోగాక దాసుగారు పాట అందుకుంటాడు. ఆ పాట కోసం కాచుకుని ప్లేటు రెండు వైపులా కదలకుండా విన్నాను.

మాస్టారి కళ్లు తడిశాయి. “ఇన్నేళ్లకు నువ్వొక్కడివే విన్నావురా!”

“పాట ఎప్పుడు మొదలవుద్ది?” అని అడగబోయి మింగేశాను. ముసలితనంలో అక్షరాలు నేర్చాను కాబట్టి, ఇప్పుడు ఈ కాగితం మీద అడుగుతున్నాను.